పదహారు జీబీలో డేటాబేస్ వాటా ఎంత?

కర్నూలులో మా ఉల్లి మండీ లెక్కల సర్వర్‌కు 16 జీబీ ర్యామ్ ఉంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ అయినా పోస్ట్‌గ్రెస్ అయినా, సెట్టింగ్ ముట్టుకోకపోతే తన సొంత కాషేకు (తరచూ వాడే డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటుకు) వాడేది 128 ఎంబీయే. అంత ర్యామ్ కొని ఏం లాభం?

మైఎస్‌క్యూఎల్‌లో ఈ కాషే పేరు బఫర్ పూల్. దానికి, సర్వర్‌లో వేరే పని లేకపోతే, 80 శాతం దాకా ఇవ్వొచ్చు. పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ కాషేను కూడా నమ్ముకుంటుంది కాబట్టి షేర్డ్ బఫర్స్ అనే తన కాషేకు 25 శాతం, అంటే 4 జీబీతో మొదలుపెడితే చాలు. 40 శాతం దాటితే సాధారణంగా ఒరిగేదేమీ ఉండదు.

అసలు చిక్కు పోస్ట్‌గ్రెస్ వర్క్ మెమ్‌తో, అంటే డేటాను వరసలో పెట్టే (సార్టింగ్) పనికి వాడుకునే ర్యామ్ పరిమితితో. ఆ పరిమితి సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో సార్టింగ్‌కు! 64 ఎంబీ పెట్టి, 100 కనెక్షన్లు ఒకేసారి సార్ట్ చేస్తే 6 జీబీ పైనే పోవచ్చు. సీజన్‌లో ఆ టెన్షన్ నేను పడ్డాను. రోజూ చూసుకునే మనిషి లేని మాలాంటి చోట మైఎస్‌క్యూఎల్‌కే నా మొగ్గు. సగం ర్యామ్ ఇచ్చి వదిలేస్తాను. బిల్లింగ్ ప్రోగ్రామ్ కూడా ఆ సర్వర్‌లోనే నడవాలి కదా.