కర్నూలులో ఒక పూట మిగిలితే: రాక్ గార్డెనా, నగరవనమా, కాలనీ పార్కా?

కర్నూలుకు పెళ్లికో ఆస్పత్రి పనికో వచ్చి ఒక పూట ఖాళీ దొరికిందంటే అందరూ చెప్పే పేరు ఓర్వకల్లు రాక్ గార్డెన్. చూడాల్సిందే, కాదనను. నంద్యాల రోడ్డులో 20 కిలోమీటర్ల పైనే పోవాలి, ఆ రాళ్ల మధ్య నీళ్లు చూస్తే ఎవరికైనా ఫోన్ తీయబుద్ధవుతుంది. కానీ ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు, రాయి కాలి సెగ కొడుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకుని సాయంత్రం పోయాం, కాబట్టి బతికిపోయాం.

గార్గేయపురం చెరువు దగ్గరి నగరవనం నాకు ఇంకా నచ్చింది. చెట్లు, నీళ్లు, పిల్లలు పరిగెత్తడానికి చోటు, అన్నీ ఉన్నాయి. నందికొట్కూరు వైపు పోవాలి, సొంత బండి లేకపోతే తిరుగు ఆటో కూడా ముందే మాట్లాడుకోండి, లేదంటే టెన్షనే.

అయితే ఊళ్లో ఉండేవాళ్లు రోజూ అంత దూరం పోగలరా? మేం దిగిన లాడ్జి బస్టాండు వైపు. రూములో ఏసీ బాగానే ఉంది గానీ కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ! పొద్దున్నే నడుచుకుంటూ పోతే ఒక చిన్న కాలనీ పార్కు కనిపించింది, చూడటానికి ఏమీ లేదు, కానుగ చెట్లు, నాలుగు సిమెంటు బెంచీలు, అంతే. కానీ అక్కడ షుగరున్న పెద్దాయనలు, చంటిపిల్లలతో ఆడవాళ్లు, పరీక్షకు చదువుకునే కుర్రాళ్లు అందరూ ఉన్నారు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున, అది ఇలాంటి చోటే కుదురుతుంది. చెట్టు నీడే కాదు, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు కూడా గాలిని చల్లబరుస్తుంది, పైగా సిమెంటు వేయని నేల వాన నీటిని తాగుతుంది.

లోపాలూ ఉన్నాయి. బాత్రూముకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కే తెలియదు. పైగా పొద్దున తొమ్మిదికల్లా గేటు మూసేస్తారట, సరిగ్గా ఎండ ముదిరి బండ్లవాళ్లకూ కూలీలకూ నీడ కావాల్సిన టైములో! సాయంత్రం మళ్లీ తెరిచేసరికి ఎండ ఎటూ తగ్గిపోతుంది, ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

కాబట్టి రూము బుక్ చేసేటప్పుడు ఏసీతో పాటు, నడిచి పోగలిగే దూరంలో పార్కు ఉందా, అది ఎన్ని గంటలకు మూస్తారు అని కూడా అడగండి. ముఖ్యంగా పెద్దవాళ్లు వెంట ఉంటే.