వాగు నీటికి టీడీఎస్ పెన్నా, ఆక్సిజన్ కిట్టా?

వాగు నీళ్లు పాడయ్యాయా అని చూసే పనిముట్లు రెండు. టీడీఎస్ పెన్ను నీళ్లలో కరిగిన ఉప్పులు, ఖనిజాల లెక్క చెబుతుంది. కిట్ నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను రసాయన మందులతో కొలుస్తుంది.

ఖర్చు: పెన్ను వందల్లోనే వస్తుంది. కిట్‌లో మందులు అయిపోతే మళ్లీ కొనాలి.

శ్రమ: పెన్ను ముంచితే అంకె వచ్చేస్తుంది. కిట్ సీసాలో ఒక్క బుడగ లేకుండా నీళ్లు పట్టాలి, లేదంటే లెక్క ఎక్కువ చూపిస్తుంది. మొదటి రెండు మందులు పడ్డాక గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టే. తెల్లవారుజామునే చూడాలి, ఎండెక్కితే పాచి ఆక్సిజన్ వదిలి అసలు సంగతి దాచేస్తుంది.

చిక్కు: సముద్రతీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువలో ఆటుపోటుకే టీడీఎస్ పెరుగుతుంది. దాన్ని పట్టుకుని రొయ్యల చెరువుల మీద ఫిర్యాదు రాస్తే నిలవదు. కిట్‌లో ఆమ్లం ఉంటుంది, గ్లౌజులు తప్పవు.

ఉప్పునీరు ఎక్కని ఎగువ వాగుల్లో పెన్ను చాలు, అంకె ఉన్నట్టుండి ఎగిరిందా అని చూసుకుంటే సరి. చేపలు తేలే చోట కిట్టే: ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల లోపుంటే టైముతో సహా రాసి పెట్టండి. చీమకుర్తి క్వారీల గ్రానైట్ బురదకు మాత్రం రెండూ దండగే, ఆ పొడి నీళ్లలో కరగదు.