బెలుం గుహలు: బస అంతంతమాత్రం, గోడలు మాత్రం చూసి తీరాలి

తాడిపత్రిలో దిగేసరికి రాత్రి పదకొండు. బస్టాండు దగ్గర్లోనే ఒక లాడ్జి దొరికింది. గీజర్ ఉందన్నారు, ఉంది, దానికి వైరే లేదు. పొద్దున ఉగ్గాని బజ్జీ తిన్నాక గానీ కోపం దిగలేదు.

బెలుం అక్కడికి ముప్పై కిలోమీటర్లు. రానూపోనూ ఆటో మాట్లాడుకోవడమే మేలు. గుహ పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది అందులో సుమారు సగం. లోపల గాలి కొడుతున్నా ఉక్కపోతే, చొక్కా పిండుకోవాలి. రంగు లైట్లు నాకు నచ్చలేదు, రాయి అసలు రంగు తెలియనివ్వవు. గైడు వేయి పడగలు, కోటిలింగాలు అనే రాతి ఆకారాలు చూపించి ముందుకు నడిచాడు. నేను మామయ్యతో వెనకబడ్డాను. ఆయన బేతంచెర్లలో బండల పాలిష్ పనిలో ఇరవయ్యేళ్లు చేశాడు.

టార్చి వేసి గోడ మీద రంపపు పళ్లలాంటి సన్నటి నల్లగీత చూపించాడు. "ఈడ దెబ్బేస్తే ఈడే ఇడిపోతాది అల్లుడా."

ఆ గీత ఎందుకొచ్చిందో నేను చదివి వెళ్లాను. ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. గుల్ల ఉన్న జీవులు ఇంకా పుట్టని కాలం కాబట్టి ఎంత వెతికినా శంఖం ముక్క కూడా దొరకదు. ఆ బురద మీద కొత్త పొరలు పడేకొద్దీ నీళ్లు పిండుకుపోయి, రేణువుల మధ్య కాల్సైట్ అనే సున్నపు ఖనిజం పట్టి గట్టిపడింది. బరువు ఇంకా పెరిగితే రాయి ఒత్తిడికి ఒక గీత వెంట కరుగుతుంది. కరగని బంకమన్ను అక్కడే మిగిలి నల్లగీత అవుతుంది. కరిగిన సున్నం చాలావరకు దూరం పోదు, పక్కనున్న సందుల్లోకి చేరి మళ్లీ రాయవుతుంది. గోడల్లో తెల్ల దారాల్లా కనిపించేవి అలా పగుళ్లు పూడ్చిన కాల్సైటే.

గుహ తొలిచింది మాత్రం చాలా తర్వాత వచ్చిన భూగర్భజలం. బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు సున్నపురాయిని కరిగిస్తుంది. 46 మీటర్ల లోతున పాతాళగంగ దగ్గర ఆ నీరు ఇప్పటికీ పారుతూనే ఉంది. మోకాళ్ల నొప్పులుంటే అక్కడి మెట్లు దిగకండి, ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

సాయంత్రం లాడ్జి ఖాళీ చేస్తుంటే మామయ్య గడప దగ్గర ఆగి మెట్టు అంచు చూపించాడు. నల్లబండలో అదే రంపపు గీత. గీజర్ డబ్బులు మాత్రం ఒక్క రూపాయీ తగ్గించలేదు.