ఒక చిప్పింగ్ సీసాతో నాలుగు వానాకాలాలు

ట్యాంకు బొమ్మకి రంగు కొట్టడం కంటే, కొట్టిన రంగుని ఊడగొట్టడమే నాకు ఎక్కువ ఇష్టం. తడి కుంచెతో హ్యాచ్ మూత అంచు మీద రెండుసార్లు రుద్దితే ఏమీ కాదు. మూడోసారికి రంగు కింద ఏదో మెత్తబడినట్టు వేళ్లకి తెలుస్తుంది. నాలుగోసారికి ఆవగింజలో సగమంత పెచ్చు లేచి, కింద దాచిన తుప్పు బయటపడుతుంది. ఆ పెచ్చు అంచు అచ్చం మా వీధిలో పాత ఇనప గేటు మీద పెచ్చు అంచులాగే ఉంటుంది, ఎవరూ గీసినట్టుండదు. ట్రిపుల్ జీరో (అతి సన్న) కుంచెతో ఆ అంచు గీయాలని ఏళ్ల తరబడి తంటాలు పడ్డాను. నా వల్ల కాలేదు.

ఈ ఒక్క పని కోసమే నాలుగేళ్ల కిందట చిప్పింగ్ ద్రవం (పై రంగు పెచ్చులుగా లేవడానికి మధ్యలో కొట్టే, నీళ్లకి మెత్తబడే పొర) సీసా ఒకటి తెప్పించుకున్నాను. విదేశీ సరుకు, వంద మిల్లీలీటర్లు, పోస్టేజీతో కలిపి వెయ్యి దాటింది. ఈ రకం సీసాలు చాలా కంపెనీలు అమ్ముతాయి, పేరు ఎందుకులెండి. అడుగున తుప్పు రంగు, దాని మీద ఇది, దాని మీద అసలు రంగు, తర్వాత నీళ్లూ కుంచే. ఇదంతా మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను.

మొదటి మూడు బళ్లూ మార్చి, మే మధ్యలో చేశాను. అప్పట్లో కనబడినవాడికల్లా ఈ సీసా గురించి చెప్పాను. ఇక సన్న కుంచెలు అటకెక్కించవచ్చని కూడా అన్నాను. నా మాట నమ్మి హైదరాబాద్‌లో ఇద్దరు మిత్రులు కొన్నారు కూడా. ఆ మాటలు వెనక్కి తీసుకోను గానీ, కింద చిన్న అక్షరాలతో కొన్ని షరతులు రాయాల్సిన బాకీ ఉంది. ఎందుకంటే మాది కాకినాడ.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నా ట్యాంకు ఆశ్లేష కార్తెలో పగిలింది.

అది నాలుగో బండి. 1971 డిసెంబర్‌లో రాజస్థాన్‌లో లోంగేవాలా దగ్గర ఇసుకలో కాలిపోయిన పాకిస్తాన్ టి-59. మేజర్ చాంద్‌పురి కంపెనీ, జీపు మీద ట్యాంకులని కొట్టే 106 ఎంఎం రికాయిలెస్ గన్, తెల్లవారగానే జైసల్మేర్ నుంచి లేచిన హంటర్ యుద్ధ విమానాలు, ఈ కథంతా చిన్నప్పటి నుంచి వింటున్నదే. నాకు కావాల్సింది హంటర్లు వెళ్లిపోయాక మిగిలినది. టి-59 అంటే సోవియట్ టి-54ఏ కి చైనా నకలు. నా దగ్గరున్నది టమియా కంపెనీ వాళ్ల 1/35 (అసలులో ముప్పై ఐదో వంతు) టి-55ఏ కిట్. టి-55లో టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) పైన వెంటిలేటర్ డోమ్ ఉండదు, టి-54లో ఉంటుంది. కాబట్టి ఎం-సీల్ ఉండ చేసి, బొటనవేలితో అద్ది, ఆ బుడిపె పెట్టాను. తెలిసినవాళ్లు ఇంకో పది తప్పులు పడతారు, పట్టండి.

ఈ బండి కోసం నేను పడ్డ పాటంతా అడుగు పొరలోనే ఉంది. కాలిన ట్యాంకు తుప్పు వేరు, ముసలి ట్యాంకు తుప్పు వేరు. ముసలి బండికి తుప్పు అంచుల నుంచి, వెల్డింగు గీతల నుంచి, నీళ్లు నిలిచే మూలల నుంచి నెమ్మదిగా పాకుతుంది, ముదురు గోధుమ రంగులో చారలు కారుస్తుంది. కాలిన బండికి అంత ఓపిక ఉండదు. మంటకి రంగు మొత్తం పోయి ఉక్కు నగ్నంగా మిగులుతుంది, గాలిలో కాస్త తేమ తగిలితే చాలు, కొద్దిరోజుల్లోనే నారింజ రంగుకి తిరుగుతుంది. ఇంజన్ మీద, టరెట్ చుట్టూ ఇలా ఉంటే, మంట తగలని కింది భాగంలో రంగు అలాగే ఉంటుంది. చక్రాల రబ్బరు కాలిపోయి ఉత్త రిమ్ములు మిగులుతాయి. వేడికి చక్రాలని మోసే స్ప్రింగు కడ్డీల (టార్షన్ బార్ల) సత్తువ పోయి బండి కుంగి కూర్చుంటుంది. నేను చక్రాల ఇరుసులు ఒక్కోటీ కోసి, ఒకటిన్నర మిల్లీమీటర్లు పైకి జరిపి మళ్లీ అతికించాను. ట్రాకులకి మాత్రం నారింజ రంగు పూయలేదు. అవి మాంగనీస్ ఉక్కు, ముదురు గోధుమ రంగులోనే తుప్పు పడతాయి.

తుప్పు పొరకి మూడు సాయంత్రాలు పట్టాయి. ఎర్ర గోధుమ, దాని మీద స్పాంజి ముక్కతో నారింజ, అక్కడక్కడా ఊదా రంగు చుక్కలు. బాగా కుదిరింది, నాకు నేనే చెప్పుకుంటున్నాను. నాలుగో రోజు సాయంత్రం సీసా తీశాను. బయట మూడు రోజుల నుంచి ముసురు, గోడకి చెయ్యి ఆనిస్తే చెమ్మ. ద్రవం రెండు కోట్లు ఎయిర్‌బ్రష్‌తో కొట్టి, అలవాటు ప్రకారం ఇరవై నిమిషాలు ఆగాను. మడిచిన వేలి కణుపుతో తాకి చూస్తే ఆరినట్టే ఉంది. పై రంగు కొట్టేశాను.

టీ తాగి వచ్చేసరికి టరెట్ మొత్తం బీటలు.

సన్న గీతలు కావు. నెర్రెలు. ఒక్కో పలక అంచు పైకి లేచి, మధ్యలోంచి నారింజ రంగు కనిపిస్తూ. లోపలి పొర ఇంకా పచ్చిగా ఉంది, పైన రంగు తొందరగా ఆరి బిగుసుకుంది, లోపలిది పట్టుకోలేక వదిలేసింది. జరిగింది ఇంతే. మా ఆవిడ తొంగి చూసి, "ఇదేంటండీ, వేసవిలో చెరువులా ఉంది?" అంది. ఆవిడ తప్పేం లేదు, అచ్చంగా అలాగే ఉంది.

కోపంలో చేసే పనులు ఎలా ఉంటాయో తెలుసుగా. టరెట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచాను. పై రంగు వచ్చింది, ద్రవం పొర వచ్చింది, వాటితోపాటు మూడు సాయంత్రాల తుప్పు కూడా వచ్చింది. బూడిద రంగు ప్రైమర్ నా మొహం చూసి నవ్వుతున్నట్టు బయటపడింది. హల్ (టరెట్ కింది ట్యాంకు ఒళ్లు) కూడా అలాగే పగిలింది గానీ, అది తుడిచే ఓపిక లేక దాని మీద స్టీలు గిన్నె బోర్లించి రెండు వారాలు అటు వెళ్లలేదు.

ఆ రెండు వారాల్లో ఒకరోజు ఏదో పని మీద పోలీస్ స్టేషన్‌కి వెళ్లాల్సి వచ్చింది. మన స్టేషన్ల ఆవరణలు చూశారుగా, కేసుల్లో పట్టుకున్న బళ్లన్నీ వేప చెట్ల కింద ఏళ్ల తరబడి పడుంటాయి. తుప్పు నేర్చుకోవడానికి అంతకు మించిన బడి నాకైతే తెలీదు. అక్కడ మంటల్లో కాలిన లారీ క్యాబిన్ ఒకటి ఉంది. తలుపు పై సగం నారింజ రంగు ఉక్కు. కింది సగం నీలం రంగు. ఆ రెంటికీ మధ్య జానెడు మేర, రంగు పొక్కి, బీటలిచ్చి, పలకలు పలకలుగా చుట్టుకుని ఉంది. ప్రతి బీట లోపలా నారింజ. నేను ముక్కు ఆనించి చూస్తుంటే కానిస్టేబుల్ వచ్చి, "మీ బండేనా సార్?" అన్నాడు. కాదండీ, ఊరికే చూస్తున్నానంటే నమ్మినట్టు లేడు.

ఇంటికొచ్చి గిన్నె ఎత్తి చూశాను. ఇంజన్ డెక్ మీద ఉన్నది ఆ జానెడు మేర లారీ తలుపే.

తడి కుంచెతో బీటల మధ్య పలకలు కొన్నింటిని సగం లేపి వదిలేశాను. బీటల్లోకి నారింజ పొడి దట్టించి, టర్పెంటైన్ చుక్కతో అతికించాను. వెనక వైపు మసి, దాని మీద కాస్త తెల్ల బూడిద. ఇప్పటివరకూ నా చేతిలోంచి వచ్చినవాటిలో ఆ ఇంజన్ డెక్కే బాగుంది. ఆ ఘనత సీసాకి ఇవ్వాలో, బంగాళాఖాతంలో అల్పపీడనానికి ఇవ్వాలో ఇప్పటికీ తేలలేదు. మళ్లీ రాబడదామని ఆరో బండికి కావాలనే పచ్చి పొర మీద రంగు కొట్టాను. ఒకసారి అసలు బీటే పడలేదు. రెండోసారి రంగంతా పాల మీద మీగడలా పక్కకి జారిపోయింది. అందుకే దీన్ని సీసా గుణాల్లో లెక్కేయడం లేదు.

ఆ దెబ్బ తర్వాత నా పద్ధతి మారింది. తుప్పు పొర ఆరగానే దాని మీద లాకర్ (నీళ్లకి కరగని వార్నిష్) క్లియర్ కోటు కొడుతున్నాను, అడుగున కష్టపడింది ఇక పోదు. ద్రవం కొట్టాక వాచీ చూసుకోవడం మానేసి, హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టుకుని ఆరబెడుతున్నాను. జూన్ నుంచి అక్టోబర్ దాకా అయితే బండిని ఏసీ గదిలోకి మోసుకెళుతున్నాను. పై రంగు లాకర్ థిన్నర్‌తో కలిపితే కిందికి కరుచుకుని ఓ పట్టాన లేవదు. అదే టమియా రంగుని నీళ్లతో కలిపితే చక్కగా లేస్తుంది. కొట్టిన గంటా రెండు గంటల్లో పెచ్చులు లేపేయాలి. మర్నాడు చూద్దాంలే అనుకుంటే, రుద్దీ రుద్దీ ఒక్కసారిగా గోరంత ముక్క ఊడుతుంది. 1/35లో ఐదు మిల్లీమీటర్ల ముక్కంటే అసలు ట్యాంకు మీద పదిహేడున్నర సెంటీమీటర్లు. బండి మీద అక్కడక్కడా అంతంత ముక్కలు ఊడితే చూడటానికి బొమ్మలాగే ఉంటుంది. ఒక మిల్లీమీటరు దాటకుండా లేపగలిగితేనే ఈ సీసా డబ్బులు గిట్టినట్టు. (గుళ్లు తగిలిన కంతలదీ ఇదే లెక్క. 106 ఎంఎం హీట్ గుండు (కవచాన్ని తొలిచే రకం) అంటే కంత కూడా 106 మిల్లీమీటర్లు ఉంటుందనుకుని మొదట్లో పెద్ద పెద్ద బొక్కలు పెట్టేవాణ్ని. అది ఉక్కులో చేసే కంత అంతకంటే చాలా చిన్నది. ఇప్పుడు ఒక మిల్లీమీటరు డ్రిల్ బిట్ చాలు.)

మరి హెయిర్ స్ప్రే సంగతేంటని అడుగుతారు. ఈ పద్ధతి మొదలైందే దాంతో. సీసా సగానికి వచ్చాక నేనూ కొందామని ఫ్యాన్సీ షాపుకి వెళ్లాను. షాపమ్మాయి మూడు డబ్బాలు ముందు పెట్టి, "ఎవరికండీ, పెళ్లికూతురికా?" అంది. నోరు జారి ట్యాంకుకని చెప్పాను. ఆ పిల్ల నీళ్ల ట్యాంకు అనుకుని, "తుప్పు పట్టకుండానా అండీ?" అని అడిగింది. పట్టడానికమ్మా అనాలనిపించింది గానీ, డబ్బులిచ్చి వచ్చేశాను.

రెండొందల డెబ్భై రూపాయల డబ్బా. పెచ్చుల విషయంలో సీసాకి ఏమాత్రం తీసిపోదు. నా చేతిలో అయితే ముసురు రోజుల్లో అదే త్వరగా ఆరుతోంది, స్పిరిట్ ఎక్కువగా ఉండటం వల్లనేమో. కాకపోతే డబ్బా నుంచి నేరుగా కొడితే జల్లు లావుగా పడుతుంది, రివెట్ల చుట్టూ గుంటలు కడుతుంది. కప్పులోకి కొట్టుకుని ఎయిర్‌బ్రష్‌లో పోసుకుంటే సరిపోతుంది, కానీ ఇల్లంతా బ్యూటీ పార్లర్ వాసన. సీసాకి వాసన లేదు, ఎక్కడ కొడితే అక్కడే పడుతుంది. చిన్న చిన్న భాగాలకి, అంటే హ్యాచ్‌లకీ ఫెండర్ అంచులకీ, ఇప్పటికీ సీసానే తీస్తున్నాను. పెద్ద పలకలకి డబ్బా.

ఇంకో మాట, మొదట్లో నాకు తెలియనిది. పెచ్చులు లేపడం అయిపోయాక కూడా ఆ ద్రవం పొర కింద అలాగే ఉంటుంది. పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు రెండో బండిని చేత్తో పట్టుకుని కాసేపు తిప్పి చూశాడు. అరచేతి నిండా చెమట. దించాక చూస్తే టరెట్ పక్కన వాడి బొటనవేలంత మేర రంగు లేదు. వాణ్ని అని ఏం లాభం, పైన వార్నిష్ కొట్టకుండా షోకేసులో పెట్టిన బుద్ధి నాది. ఇప్పుడు చిప్పింగ్ పూర్తయిన మర్నాడే మ్యాట్ వార్నిష్ కొడుతున్నాను. ఆ బొటనవేలి మచ్చకి తుప్పు చార ఒకటి కార్చి, గుండు రాసుకుంటూ పోయిన గుర్తని అడిగినవాళ్లకి చెబుతున్నాను.

కొనాలా వద్దా అంటే, మీది హైదరాబాదో అనంతపురమో అయి, సాయంత్రం పూట రెండు గంటలు కదలకుండా కూర్చోగలిగితే కొనండి. నెలకో బండి చేసేవాళ్లయితే హెయిర్ స్ప్రేతో కానిచ్చేయండి, లెక్క తేడా చాలా వస్తుంది. సముద్రం పక్కన ఉండి, ఏసీ లేకపోతే, మొదటిసారి వానాకాలంలో మాత్రం సీసా తెరవొద్దు. నాది మధ్యస్థం, ఏడాదికి రెండు బళ్లకి మించవు, చేతులకి కాస్త చెమట ఎక్కువ. ఎండాకాలంలో నా అభిప్రాయం అడిగితే ఇంకాస్త తియ్యగా చెప్పేవాణ్నేమో.

సీసా అడుగున ఇంకా రెండు వేళ్ల మందం ఉంది. తర్వాతి బండి పసిఫిక్ ద్వీపం సైపాన్ తీరంలో 1944 నుంచి సముద్రంలో నిలబడే ఉన్న అమెరికన్ షెర్మన్ ట్యాంకు. ఉప్పు నీటి తుప్పు, దానికి నమూనాలు వెతుక్కుంటూ స్టేషన్ దాకా పోనక్కర్లేదు, మా ఫిషింగ్ హార్బర్ చాలు. హల్ అతికించడం అయింది, ట్రాకులు మిగిలాయి. మృగశిర లోపల రంగు దాకా వస్తే సీసా వాడతాను. రాకపోతే షాపమ్మాయి దగ్గరికే వెళ్లాలి.