డల్లహాన్ పిలుపు, బాన్షీ ఏడుపు

ఐర్లండ్ పల్లె కథల్లో చావు కబురు తెచ్చేవాళ్లలో ఈ ఇద్దరి పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. డల్లహాన్ తల లేని రౌతు. తలను చంకలో పెట్టుకుని నల్లగుర్రం మీద వస్తాడు. ఆగి ఎవరి పేరు పిలిస్తే వాళ్లు అక్కడికక్కడే పోతారు. బంగారమంటే మాత్రం అతనికి భయమట.

బాన్షీ ఓ ఆడ ఆత్మ. ప్రాణం తీయదు, చావుకు ముందే వచ్చి ఏడుస్తుంది. అదీ పాత వంశాల వాళ్లకే. ఆమె జుట్టు దువ్వుకుంటూ కనిపిస్తుంది కాబట్టి, దారిలో దువ్వెన దొరికితే ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పేవారు. తెలియక ఇంటికి తెస్తే రాత్రి కిటికీ దగ్గరికొచ్చి ఏడుస్తుంది. అప్పుడు దువ్వెనను పట్టకారుతో పట్టి బయటికి అందించాలి. వెనక్కి తీసుకున్న పట్టకారు వంకర పోయి ఉంటుందట!

నా మనసు బాన్షీ వైపే. శవం దగ్గర ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే ఆచారం అక్కడ ఒకప్పుడు నిజంగానే ఉండేది. ఆ గొంతే ఈ కథలో వినిపిస్తుంది నాకు.