థాయ్‌లాండ్‌లో మేనకోడలి పెళ్ళి: ప్లానర్ కావాలా, వద్దా?

హువా హిన్‌లో చేయాలా, ఫుకెట్‌లో చేయాలా అన్నది తేలకముందే మా ఇంట్లో ప్లానర్ గొడవ మొదలైంది. "మన ఊళ్ళో పెళ్ళిళ్ళకి ఎప్పుడైనా ప్లానర్‌ని పెట్టుకున్నామా?" అంటారు బావగారు. "అక్కడ అరటి బోదెలు ఎవరు నరుక్కొస్తారు మరి?" అంటుంది అక్క. మేనమామని కాబట్టి నన్ను వెళ్ళి చూసి రమ్మన్నారు.

ముహూర్తాలు శ్రావణంలో ఉన్నాయి. ఫుకెట్ అండమాన్ సముద్రం వైపు ఉంటుంది, మే నుంచి అక్టోబరు దాకా వానలే. రిసార్టు చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ, బీచ్‌లో ఎర్ర జెండాలు పాతేసి ఉన్నాయి, నీళ్ళలోకి దిగొద్దని. హైదరాబాద్‌లో మేం మాట్లాడిన ఒక ప్లానర్ "ఆగస్టులో ఫుకెట్ చాలా చవక సార్" అన్నాడే గానీ, ఎందుకు చవకో చెప్పలేదు. హువా హిన్ అవతలి వైపు, థాయ్ గల్ఫ్ ఒడ్డున ఉంది. అక్కడా జల్లులు పడతాయి కానీ ఆ నెలల్లో అంత ముసురు ఉండదు. చిక్కల్లా ప్రయాణమే. బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు నుంచి రోడ్డు మీద మూడు గంటలకు తక్కువ పట్టదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తల్చుకుని కాసేపు తటపటాయించినా, చివరికి నా ఓటు హువా హిన్‌కే వేశాను.

హోటల్ వాళ్ళ కోట్ చదవడానికి ప్లానర్ అక్కర్లేదు. అంకె పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి, వాటిని వదిలేస్తేనే ఇబ్బంది. ప్లేటు 1,000 బాట్ అంటే దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద 7 శాతం వ్యాట్ కలిపి 1,177 అవుతుంది. బయటి వంటవాళ్ళని తెచ్చుకుంటే కిచెన్‌కి వేరే ఫీజు. ఇదంతా బావగారు ఫోన్‌లోనే లెక్క కట్టేశారు.

అసలు తిరకాసు ముహూర్తం దగ్గర వచ్చింది. థాయ్‌లాండ్ టైము మనకంటే గంటన్నర ముందు. అలాగని హైదరాబాద్ లగ్నానికి గంటన్నర కలిపేస్తే సరిపోదు, ఆ ఊరి అక్షాంశ రేఖాంశాలకి లగ్నం మళ్ళీ కట్టాలి. సిద్ధాంతి గారు కట్టి ఇచ్చిన లగ్నం రాత్రి పదిన్నర దాటాక పడింది. పది తర్వాత లాన్‌లో డోలు, సన్నాయి కుదరదంది హోటల్. లోపల హాల్లో ఎంతసేపైనా వాయించుకోవచ్చు గానీ హోమం వద్దంది, పొగకి ఫైర్ అలారం మోగుతుందని. మేళం ఉన్నచోట హోమం లేదు, హోమం ఉన్నచోట మేళం లేదు. వాళ్ళ సేల్స్ అమ్మాయి ఎంతో మర్యాదగా నవ్వుతూ అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది.

బ్యాంకాక్‌లో ఉండే ఒక కోఆర్డినేటర్‌ని ఎవరో పరిచయం చేస్తే ఆవిడకి ఫోన్ చేశాను. గుజరాతీ, మార్వాడీ పెళ్ళిళ్ళు బాగా చేయించిన మనిషి. హోటల్ ఇంజినీరుతో మాట్లాడి, హోమం జరిగినంతసేపు మండపం పైనున్న డిటెక్టర్లని ఆపి, పక్కనే ఒక ఫైర్ సిబ్బందిని నిలబెట్టేలా ఒప్పించింది. దానికి హోటల్‌కి కొంత రుసుము కట్టాలి. ఆ ఒక్క పనితో నేను ప్లానర్ పక్షానికి మారిపోయాను. కానీ ఆవిడ మొదట అడిగిన ప్రశ్న "ఫేరాలు ఎన్నింటికి?" అని, అంటే ఉత్తరాది పెళ్ళిళ్ళలో అగ్ని చుట్టూ తిరిగే ప్రదక్షిణలు. మాకు ముఖ్యం జీలకర్ర బెల్లం, అది నిమిషం అటూ ఇటూ కాకూడదు, ఆ టైములో ఫొటోల కోసం ఎవరినీ ఆపొద్దని చెప్పి షెడ్యూలు తిరగరాయించాను. అడ్డుతెర ఎవరు పట్టుకోవాలో, సన్నెకల్లు ఎప్పుడు కావాలో కూడా రాసిచ్చాం.

అందుకే పూర్తి ప్యాకేజీ తీసుకోలేదు. పురోహితుడు, మేళం, వంటవాళ్ళు ఇక్కణ్ణుంచే. మధుపర్కాలు, తలంబ్రాల సామాను అక్క సర్దుతుంది. పూలు, మామిడాకులు, అరటి బోదెలు అక్కడే దొరుకుతాయి, బ్యాంకాక్‌లో పాక్ ఖ్లాంగ్ తలాత్ పూల మార్కెట్, పూజా సామానుకి పాహురత్ బజారు ఉన్నాయి. అవి తెప్పించడం కోఆర్డినేటర్ పని. చుట్టాలందరి డిజిటల్ అరైవల్ కార్డులు, ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపేవి, మా పిల్లలు చూసుకుంటారు. నగల సంగతి ఏ ప్లానరూ చెప్పలేదు. పెళ్ళి నగలు పట్టుకెళ్ళేటప్పుడు శంషాబాద్‌లో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు గొడవ ఉండదు. పెళ్ళి రిజిస్ట్రేషన్ కూడా వేరే పని. థాయ్‌లాండ్‌లో ఎంత వైభవంగా తంతు చేసినా, అక్కడి జిల్లా ఆఫీసులో నమోదు చేస్తేనే ఆ దేశపు చట్టం ప్రకారం పెళ్ళయినట్టు.

బేరం దగ్గర మాత్రం బావగారు పట్టు వదల్లేదు. మొత్తం ఖర్చులో శాతం ఇస్తామంటే బిల్లు పెరిగినకొద్దీ వాళ్ళ ఫీజు పెరుగుతుంది కదా అన్నారు. ఒకటే ఫిక్స్‌డ్ ఫీజు, మూడు వాయిదాల్లో. డెకరేషన్ వాళ్ళకి, బస్సుల వాళ్ళకి డబ్బు నేరుగా మేమే కడతాం, వాళ్ళ దగ్గర ఆవిడ కమిషన్ తీసుకోకూడదని ఒప్పందంలో రాయించారు. ఆవిడ ఒక రోజు ఆలోచించుకుని సంతకం చేసింది.