లడఖ్ పోలేక మన కనుమలే చుట్టొచ్చాం

మా వాట్సాప్ గ్రూపు పేరు ‘లడఖ్ 2021’. తర్వాత అది 2022 అయింది, ఆపైన 2023 అయింది. ఒక ఏడు బావకి కూతురు పుట్టింది. ఇంకో ఏడు నాకు సెలవు దొరకలేదు. మరో ఏడు బండ్లను రైల్లో ఢిల్లీకి వేయడానికి ఎంతవుతుందో లెక్క కట్టి, అందరం గ్రూపులో నాలుగు రోజులు మాట్లాడకుండా ఊరకుండిపోయాం. పోయిన నవంబరులో మామే తేల్చేశాడు: "ఖార్దుంగ్ లా అంటారే, ఆ ‘లా’ అన్నా కనుమే కదరా. భాకరాపేట కనుమ బండి మీద ఎక్కి ఎన్నేండ్లయింది నువ్వు?"

ఎక్కి తొమ్మిదేళ్లయింది. తిరుపతిలో పుట్టి పెరిగినోడికి అది సిగ్గుచేటే.

నలుగురం, మూడు బండ్లు. బావది పెద్ద అడ్వెంచర్ బండి, వెనక చిన్నోడు. నాది పన్నెండేళ్ల పల్సర్. మామది స్ప్లెండర్. మామ ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫై ఏళ్లు చేసి దిగినాడు కాబట్టి ఆ బండిని ఎవరూ ఎగతాళి చేయలేదు, కనీసం మొదటి రోజు పొద్దున దాకా. నాలుగు రోజుల దారి ఇదీ: భాకరాపేట కనుమ, తలకోన, పీలేరు, గుర్రంకొండ, హార్సిలీ హిల్స్, పుంగనూరు, పలమనేరు, కైగల్, మొగిలి కనుమ, చిత్తూరు, ఇల్లు.

తెల్లవారి అయిదున్నరకి బయల్దేరి శ్రీనివాస మంగాపురం దాటేసరికి కొండల మీద మబ్బు ఇంకా దిగే ఉంది. రంగంపేట దాటాక కనుమ మొదలవుతుంది. ఎత్తు పెద్దగా ఉండదు, మలుపులు మాత్రం మోసం చేస్తాయి. కొన్ని చోట్ల మలుపు చూడటానికి చిన్నదిగా కనబడుతుంది, లోపలికి పోయాక ఇంకా బిగుస్తుంది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న పెళ్లివారి బస్సు ఇక్కడే లోయలో పడింది. ఆ సంగతి తెలిసినోడెవడూ ఇక్కడ బండి వంచి ఫోటోలు దిగడు. నా మాటగా ఒక్కటే చెప్తాను: ఈ కనుమ ఎక్కితే పొద్దున ఏడులోపల ఎక్కండి. ఆ తర్వాత లారీల వెనక పొగ మింగడం తప్ప వేరే అనుభవం ఉండదు.

తలకోనలో జలపాతం 270 అడుగులు, రాష్ట్రంలో ఇంతకంటే ఎత్తైంది లేదు. ఆ అంకె ఎవరైనా చెప్తారు గానీ, సిద్ధేశ్వరస్వామి గుడి పక్కనుంచి నడిచిపోయే దారి గురించి చెప్పేవాళ్లు తక్కువ. నాకైతే జలపాతం కంటే ఆ దారే ఎక్కువ నచ్చింది. చెట్ల మీదుగా పాకిపోయిన గిల్లతీగ ఉంటుంది చూడండి, మనిషి నడుమంత లావు, దాని మొదలు ఎక్కడో చివర ఎక్కడో తెలీదు. చిన్నోడు వెతికి వెతికి వదిలేశాడు. వానలు బాగా పడ్డ వారం కావడంతో నీళ్లు తుంపరగా కాకుండా బరువుగా పడుతున్నాయి, కిందికి పోనివ్వలేదు. అది మంచిదే.

ఆ రాత్రి కోనలోనే ఒక గదిలో పడుకున్నాం. గది సంగతి: గోడలు చెమ్మ, కరెంటు రెండుసార్లు పోయింది, ఫోను సిగ్నల్ లేనే లేదు. అయినా నేను దానికి మంచి మార్కులే వేస్తాను. దుప్పట్లు ఉతికినవి. బండ్లు కిటికీ కిందే పెట్టుకోనిచ్చారు. తిండి మాత్రం ముందే చెప్పుకోవాలి. ఈ ముక్క తెలీక చీకటిపడ్డాక పోయి అడిగితే, వండే అక్క మమ్మల్ని ఎగాదిగా చూసి, "మద్యానం చెప్పుంటే కోడి కోసుందును గదన్నా" అంది. సంగటి, ఊరుబిండి పచ్చడి, ఎండుమిరపకాయలు వేయించి పెట్టింది. కోడి లేదని బావ మొహం ముడుచుకున్నాడు గానీ మూడు ముద్దలు తిన్నాడు.

అసలు ప్రయాణం రెండోరోజు పొద్దున. వచ్చిన దారినే పోకుండా ఎర్రావారిపాళెం వైపు తిరిగి, మట్టిదారుల్లో పడి పీలేరు రోడ్డు పట్టుకుందామన్నది చిన్నోడి ఆలోచన. ఫోనులో దారి చూపించింది. దారికి అడ్డంగా వంక పారతా ఉందని ఫోను చెప్పలేదు.

ముప్ఫై అడుగుల వెడల్పు ఉంటుంది. ఎర్రనీళ్లు, అడుగు కనపడదు. గట్టు మీద మేకలు తోలుకునే పెద్దాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మామ బండి దిగి ఆయన పక్కన కూర్చున్నాడు. అయిదు నిమిషాలు వానల గురించి, మేకల రేట్ల గురించి మాట్లాడాక గానీ వంక సంగతి ఎత్తలేదు. "మోకాలి దాకా ఉండాది నాయనా. ఎడంపక్క గుంత ఉండాది, అట్ల పోవద్దండి. నడాన పొండి, నడాన నిలబడొద్దండి."

బావ మాత్రం ఆగలేదు. వీడియోల్లో చూసినట్టు గ్యాసు పెంచి దూకించాడు. నీళ్లు రెండుపక్కలా రెక్కల్లా లేచాయి, చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. నడిమధ్యలో రాయి తగిలి ముందు చక్రం పక్కకి జారి, రెండొందల కిలోల బండి వాడి కాలి మీద నెమ్మదిగా పడుకుంది. చిన్నోడు ముందే దూకేశాడు. నీళ్లుండబట్టి కాలికి ఏమీ కాలేదు.

లేపి గట్టున పెట్టాక బావ చెయ్యి సెల్ఫ్ బటన్ మీదికి పోయింది. మామ ఆ చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఎయిర్ ఫిల్టర్ దాటి నీళ్లు సిలిండర్లోకి పోయుంటే, పిస్టన్ పైకొచ్చేటప్పుడు అవి గాలిలాగా నలగవు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆ రోజుతో ఇంజన్ పని అయిపోతుంది. ప్లగ్ ఊడదీసి, టాప్ గేర్లో వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పించాడు. రంధ్రంలోంచి సన్నటి ధారలాగా నీళ్లు చిమ్మాయి. బటన్ నొక్కుంటే ఖర్చెంతో ఎవరం పైకి అనలేదు. ఫిల్టరు పిండి, ఎండలో ఆరేసి, ప్లగ్ తుడిచి పెట్టేసరికి గంటన్నర పట్టింది. మేకల పెద్దాయన మాకోసమే కదలకుండా కూర్చున్నాడనిపించింది, ఇంత వినోదం ఆ గట్టుకి రోజూ రాదు మరి.

ఆ తర్వాత మామ ముందు నడిచి చూశాడు, కర్రతో పొడుచుకుంటూ. మళ్లీ వెనక్కొచ్చి స్ప్లెండర్ ఎక్కి, మొదటి గేరు, సగం క్లచ్, గ్యాసు ఒకే తీరుగా, రెండు కాళ్లూ నీళ్లలో ఈడ్చుకుంటూ దాటేశాడు. చూడ్డానికి ఏమాత్రం గొప్పగా లేదు. నేనూ అట్లనే దాటాను. అక్కడితో ఎగతాళి ముగిసింది.

పీలేరు, కలికిరి, వాయల్పాడు. వీటి గురించి చెప్పేదేమీ లేదు, రోడ్డు బాగుంది, టీ బాగలేదు. గుర్రంకొండకి చేరేసరికి పెద్ద బండి క్లచ్ వైరు తెగింది. ఒకప్పుడు హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల చేతుల్లో ఉన్న కోట గుర్రంకొండ. కింద రంగీన్ మహల్, పైన నిలువునా రాతి కొండ. ఎక్కుదామని రెండేళ్లుగా అనుకుంటున్న నేను, ఆ కొండని మెకానిక్ షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని చూశాను. ఆ బండి వైరు అక్కడే కాదు, మదనపల్లెలో కూడా దొరకదని మెకానిక్ కుర్రోడు ముందే చెప్పేశాడు. తిరుపతిలో కొన్న షోరూముకి ఫోను చేస్తే ఆర్డరు పెట్టాలన్నారు. కుర్రోడు ఇంకేదో బండి క్లచ్ లోపలి తీగ తీసి, కొలిచి, కత్తిరించి, చివర స్క్రూ నిపుల్ బిగించి, పాత తొడుగులోకే దూర్చాడు. నూటయాభై రూపాయలు. ప్రయాణం మొత్తంలో దీనికి మించిన సేవ మాకు ఇంకెక్కడా అందలేదు.

హార్సిలీ హిల్స్ గురించి కొంచెం నిష్ఠూరంగా మాట్లాడాలి. ఎక్కే దారి మటుకు అట్లాంటిది ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య గేరు మార్చుకునేంత చోటుంటుంది, చెట్ల నీడ ఉంటుంది, ఎక్కేకొద్దీ చొక్కాలోకి చలి దూరుతుంది. పైన 1,265 మీటర్లు. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర 1870 ప్రాంతంలో ఎండలు తట్టుకోలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడని ఆ పేరొచ్చింది. అంతకుముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ, ఏనుగులు సాకిన పిల్ల పేరు. పేరు మార్చకుండా ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మేం దిగిన గెస్ట్‌హౌస్ మాత్రం డబ్బుకి తగ్గది కాదు. గదికి 2,400 తీసుకున్నారు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే అన్నారు, ఆరూ పదికి గోరువెచ్చన, ఆరూ ఇరవైకి మంచు. కంబళి తడి వాసన. తలుపు గడియ పడకపోతే "కోతులొస్తాయి, కుర్చీ అడ్డం పెట్టుకోండి" అని సలహా ఇచ్చారు. మామ ఆ కుర్చీలోనే కూర్చుని నిద్రపోయాడు. ఇదంతా ఎందుకు భరించామంటే కొండంచున ఉండే గాలిబండ అనే రాతిబండ కోసం. పొద్దున ఆరింటికి పోతే మంచు తప్ప ఏమీ లేదు, పక్కనున్న చిన్నోడే సగం కనపడుతున్నాడు. చాలామంది సెల్ఫీ తీసుకుని దిగిపోయారు. మేం టీ తాగి మళ్లీ వచ్చి కూర్చున్నాం. ఏడూ నలభైకి గాలి తిరిగి, కింద చెరువులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కాబట్టి నా లెక్క ఇది: కొండ మీద ఒక్క రాత్రి ఉండాల్సిందే, కానీ శని, ఆదివారాలు కాదు. గది చూడకుండా డబ్బు కట్టొద్దు. దుప్పటి ఇంటినుంచి తెచ్చుకోండి.

దిగి మదనపల్లెలో తినడానికి ఆగాం. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనకి ఇంగ్లీషు అనువాదం రాసింది ఈ ఊళ్లోనే, బీసెంట్ కాలేజీలో. ఆ కాలేజీ ముందు బండి ఆపి చిన్నోడికి చెప్తే వాడు, "టమోటా మార్కెట్టు ఎటన్నా?" అన్నాడు. ఆ మార్కెట్టు దారిలో జాగ్రత్త. క్రేట్లలోంచి జారి నలిగిన టమోటాలు రోడ్డు మీద నూనెతో సమానం. బ్రేకు వేశాక నా వెనక చక్రం అడుగు పక్కకి పోయింది. వంక దాటినోణ్ని టమోటా పడేసేదే.

పుంగనూరు మీదుగా పలమనేరు, అక్కణ్నుంచి కుప్పం రోడ్డులో కైగల్. జలపాతం చిన్నదే, తలకోన చూసిన కళ్లకి మరీ చిన్నది. కానీ చుట్టూ ఉన్నది కౌండిన్య అభయారణ్యం, ఏనుగుల చోటు. దగ్గరున్న అరటితోటలో సగం నేలమట్టమై ఉంది, ముందురోజు రాత్రి గుంపు దిగిందట. తోట రైతు మమ్మల్ని చూసి, "నీళ్లు చూసుకోని నాలుగున్నరకే బయల్దేరండి సార్. మసక పడితే ఈ రోడ్డు మాది కాదు, వాటిది" అన్నాడు. కర్ణాటక నుంచి 2025లో తెచ్చిన కుంకీల, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి మచ్చిక చేసిన ఏనుగుల, క్యాంపు పలమనేరు దగ్గర ముసలిమడుగులోనే ఉంది. వాటి గురించి అడిగితే, అవొచ్చాక కొంచెం నయమేనన్నాడు, కొంచెం అనే మాటని గట్టిగా నొక్కి. నాలుగూ ఇరవైకే కదిలాం. ఒకచోట రోడ్డు మీద ఆవిరి వదులుతున్న పేడ కనబడితే హారన్ కొట్టాలా వద్దా అని బావ అడిగాడు. కొట్టొద్దు. ఇంజన్ ఆపకుండా దూరంగా నిలబడి, దారి ఖాళీ అయ్యేదాకా చూసి పోవాలి. మేం పది నిమిషాలు నిలబడ్డాం. ఏదీ రాలేదు. అంతకంటే నిశ్శబ్దమైన పది నిమిషాలు నాకు గుర్తులేవు.

పలమనేరులో బస్టాండు దగ్గర మామూలు లాడ్జి. గదికి 900. తెల్ల దుప్పటి, బకెట్టు నిండా వేడినీళ్లు, బండ్లు గేటు లోపల. పొద్దున చూస్తే వాచ్‌మన్ మూడు సీట్లూ తుడిచి పెట్టున్నాడు. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, అంతే. నిద్ర మాత్రం ఆ నాలుగు రోజుల్లో అక్కడే పట్టింది.

మొగిలి కనుమ బండి సరదా కోసం పోవాల్సిన చోటు కాదు. బెంగళూరు లారీలన్నీ అక్కడే దిగుతాయి. 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీలు గుద్దుకున్నది ఇక్కడే. దిగేటప్పుడు కాలిన బ్రేకుల వాసన ముక్కు పుటాలకి పట్టేస్తుంది. పెద్ద బండ్ల వెనక దగ్గరగా పోవద్దని, మూడో గేర్లో దిగితే బ్రేకు మీద చెయ్యి పెట్టాల్సిన పనే ఉండదని మామ ముందే చెప్పాడు. చెప్పడమే కాదు, స్ప్లెండర్‌తో ముందు నడుస్తూ మా ముగ్గురినీ అదే వేగంలో బంగారుపాళెం దాకా దించాడు. అక్కణ్నుంచి చిత్తూరు, తిరుపతి, హైవే. రాయడానికేం లేదు.

ఇంటికొచ్చాక మీటరు చూస్తే 486 కిలోమీటర్లు. స్ప్లెండర్ తొమ్మిది లీటర్లు తాగింది, పెద్ద బండి పదహారు.

పదకొండు రోజుల తర్వాత షోరూము నుంచి బావకి ఫోనొచ్చింది, అసలు క్లచ్ వైరు వచ్చింది, వచ్చి మార్పించుకోమని. వాడు పోయి వైరు తెచ్చి టూల్ బాక్సులో పెట్టుకున్నాడు. గుర్రంకొండ తీగ ఇంకా తెగలేదు.